ఐగుప్తీయులూ, మా సండే స్కూలు పిల్లలూ

ఐగుప్తు అనే మాట వినని బిడ్డ మన సంఘాలలో ఎక్కడా ఉండడు. నడక నేర్చిన నాటి నుండీ యోసేపు రంగురంగుల అంగీ, మోషేను దాచిన జమ్ము పెట్టె, పాయలైన ఎర్ర సముద్రం – ఈ కథలు వింటూనే పెరుగుతారు. అయితే ఐగుప్తు తెలిసినంతగా ఐగుప్తీయులు మన పిల్లలకు తెలియరు. వారు ఏమి తినేవారు, ఏ పని చేసుకొని బ్రతికేవారు, ఇల్లు దేనితో కట్టుకునేవారు అని అడిగి చూడండి. మా పిల్లలైతే ఒకే జవాబు చెప్పారు. "ఆళ్ళు చెడ్డోళ్ళండీ, అయ్యగారూ!" అంతే. ఒక దేశపు ప్రజల గురించి అంతకన్నా ఇంకేమీ తెలియనక్కరలేదన్నట్లు చెప్పి కూర్చున్నారు.

మా సంఘం విశాఖపట్నంలో గాజువాక దగ్గర ఉన్నది. ఒక ప్రక్క ఓడరేవు, ఇంకొక ప్రక్క ఉక్కు కర్మాగారం. మా సండే స్కూలుకు వచ్చే పిల్లల తండ్రులలో కొందరు రేవులో పని చేస్తారు, కొందరు కర్మాగారంలో. ఎక్కువ మంది కాంట్రాక్టర్ల క్రింద రోజు కూలికి వెళ్ళేవారే. సముద్రం మీదికి వేటకు పోయే కుటుంబాలు కొన్ని. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుండి ఇటుక బట్టీల పనికీ, భవనాల పనికీ వచ్చి, ఆరేడు నెలలుండి వెళ్ళిపోయే కుటుంబాలు ఇంకా కొన్ని. గత వేసవిలో వి.బి.యస్. పది రోజులకూ నిర్గమకాండమును పాఠంగా తీసుకున్నాము. మేమూ, ముగ్గురు టీచరమ్మలూ ముందుగా కూర్చొని, మొదటి మూడు రోజులు మోషేను గాని, తెగుళ్ళను గాని తేకుండా ఐగుప్తీయుల బ్రతుకును గురించే చెప్పాలని అనుకున్నాము. ఆ మనుషులను ముందు పరిచయం చేసి, తరువాత కథలోనికి వెళ్దామని మా ఆలోచన.

దీనికి మా సంఘ పెద్దలలో ఒకాయన ఒప్పుకోలేదు. ఉక్కు కర్మాగారంలో ముప్పై ఏళ్ళు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. "అయ్యగారూ, ఉన్నవి పది రోజులు. వాక్యం చెప్పుకోడానికే చాలవు. ఫరోల చరిత్ర మనకెందుకండీ? అది బడిలో చెప్పుకుంటారు" అన్నారు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. మేము అపొస్తలుల కార్యములు ఏడవ అధ్యాయం చూపించాము. మోషే ఐగుప్తీయుల విద్యలన్నీ నేర్చినవాడని స్తెఫను అక్కడ సాక్ష్యం చెబుతున్నాడు. మోషే నేర్చుకున్నదానిలో కొంచెం మన పిల్లలు నేర్చుకుంటే తప్పేమిటని అడిగాము. "సరే కానివ్వండి" అన్నారు గాని మనసు కుదుటపడినట్లు లేదు. ప్రతిరోజూ వచ్చి వెనుక బల్ల మీద కూర్చొని వినేవారు.

మొదటి రోజే చిక్కు వచ్చింది. పాఠాలతోపాటు కొన్న పటాలలో ఒకదాని మీద ఇశ్రాయేలీయులు తాళ్ళు కట్టి పెద్ద రాళ్ళను పిరమిడ్ మీదికి లాగుతున్నారు, పైన కొరడా పట్టుకొని ఒక అధికారి నిలబడ్డాడు. ఏడవ తరగతి చదివే కుర్రవాడు లేచి, "అయ్యగారూ, పిరమిడ్లు మోషే కంటే ముందే కట్టేశారని మా సోషల్ మాస్టారు చెప్పారండీ. మరి ఇదేటి?" అన్నాడు.

వాళ్ళ మాస్టారు చెప్పినదే నిజం. గీజాలోని పెద్ద పిరమిడ్‌ను ఖుఫు అనే రాజు క్రీస్తుకు పూర్వం 2560 ప్రాంతంలో కట్టించాడు. మోషే కాలాన్ని పండితులు రెండు మూడు విధాలుగా లెక్క కడతారు. ఏ లెక్క తీసుకున్నా మోషే పుట్టేనాటికి ఆ పిరమిడ్ వయస్సు వెయ్యేండ్లు దాటింది. మోషే దానిని చూసి ఉంటే, మనం వేయిస్తంభాల గుడిని చూచినట్లు పాత కట్టడంగానే చూచి ఉంటాడు. పైగా మన పరిశుద్ధ గ్రంథం పిరమిడ్ల ఊసే ఎత్తదు. నిర్గమకాండము మొదటి అధ్యాయం తీసి పిల్లల చేతనే చదివించాము. ఇశ్రాయేలీయులు కట్టినవి పీతోము, రామెసేసు అనే నిల్వ పట్టణాలు. వాటికి వాడినవి జిగట మన్ను, ఇటుకలు. రాయి కాదు. ఆ పటం గీసినాయన బైబిలు కంటే సినిమా ఎక్కువ చూసినట్లున్నాడు!

ఈ సంగతి పిల్లలకు చెప్పడం చిన్న పని అని మేము అనుకోవడం లేదు. ఈ కుర్రవాడు రేపు కాలేజీకి వెళ్తాడు. పిరమిడ్లు హెబ్రీయులు కట్టినవి కావని అక్కడ ఇంకెవరో నవ్వుతూ చెబితే, వాడు పటాన్ని ఒక్కదాన్నే పారవేయడు, గ్రంథాన్ని కూడా ప్రక్కన పెడతాడు. గ్రంథంలో లేనిది గ్రంథం పేరు మీద నేర్పినవారి బాధ్యత అది. అందుకే ఆ పటం చుట్టి బీరువాలో పెట్టి, "మీ మాస్టారు చెప్పింది సరే. ఇప్పుడు ఇటుకల సంగతి చూద్దాం రండి" అని అందరినీ మందిరం వెనుకకు తీసుకువెళ్ళాము.

అక్కడ ఒక తట్టెడు బంకమట్టి, ఒక కట్ట వరిగడ్డి, చెక్కతో చేసిన ఇటుక అచ్చు సిద్ధంగా ఉంచాము. పాఠకులారా, ఈ పాఠానికి పల్లెటూరి పిల్లలే తగినవారు. పట్నంలో పుట్టిన మా పిల్లలు మట్టిలో కాలు పెట్టడానికి వెనుకాడారు. బట్టీ పనికి వచ్చిన కుటుంబంలోని పదేళ్ళ అమ్మాయి పరికిణీ ఎగగట్టి ఒక్క దూకులో అడుసులోకి దిగింది. ఎంత నీరు పోయాలో, ఎంతసేపు తొక్కాలో మాకే చెప్పింది. గడ్డి సన్నగా నరికి కలిపిన ఇటుకలు నాలుగు, గడ్డి లేకుండా వట్టి మట్టితో నాలుగు కోశాము. ఎండలో పెట్టాము. మే నెల ఎండ సంగతి మీకు తెలుసు. మూడో రోజుకే వట్టి మట్టి ఇటుకలు బీటలు తీశాయి. ఒకటి చేతిలోకి తీసుకోగానే రెండు ముక్కలయింది. గడ్డి కలిపినవి నిలిచాయి. మట్టి ఆరుతూ కుంచించుకుపోయేటప్పుడు గడ్డిపోచలు దానిని పట్టి ఉంచుతాయి. మన పెద్దలు మట్టిగోడలలో గడ్డీ ఊకా కలిపింది ఇందుకే. నైలు నది ఒండ్రుమట్టితో ఐగుప్తీయులూ అలాగే చేశారు. రాజు నుండి పేదవాని వరకు అందరి ఇళ్ళూ ఎండబెట్టిన పచ్చి ఇటుకలవే. రాయి దేవాలయాలకూ సమాధులకూ మాత్రమే.

అప్పుడు ఐదవ అధ్యాయం చదివాము. గడ్డి ఇవ్వము, మీరే ఏరి తెచ్చుకోండి, ఇటుకల లెక్క మాత్రం తగ్గకూడదు అని ఫరో ఆజ్ఞాపించిన చోటు. విరిగిన ఇటుక ముక్కలు చేతిలో ఉండగా ఆ మాట విన్న పిల్లలకు వివరించి చెప్పవలసిన పని లేకపోయింది. ఐగుప్తులో రెఖ్మిరే అనే మంత్రి సమాధి ఉన్నది, మూడువేల నాలుగువందల ఏళ్ళ నాటిది. దాని గోడ మీద పరదేశపు బందీలు నీళ్ళు మోయడం, అడుసు కలపడం, అచ్చుతో ఇటుకలు కోయడం వరుసగా చిత్రించారు. ఆ బొమ్మను ఫోనులో చూపించాము. రెండవ రామెసేసు నాటి తోలుచుట్ట ఒకటి పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్నది. నలభై మంది మేస్త్రీలకు ఒక్కొక్కరికి రెండువేల ఇటుకలు లెక్క అప్పజెప్పి, ఎవరు ఎన్ని తెచ్చారో దానిలో వ్రాసుకున్నారు. ఆ అమ్మాయి వెంటనే, "మాయమ్మా నాన్నా కలిసి రోజుకి వెయ్యి కోస్తారండీ. తగ్గితే మేస్త్రీ తిడతాడు" అన్నది. మేము దానికి ఏమీ కలపలేదు.

రెండవ రోజు ఓడరేవు పిల్లల వంతు. పిరమిడ్లు ఇశ్రాయేలీయులు కట్టలేదు సరే, మరెవరు కట్టారు? ఒకప్పుడు పండితులు కూడా లక్షమంది బానిసలని చెప్పేవారు. 1990లో గీజా దగ్గర ఒక గుర్రం కాలు ఇసుకలో పూడిపోయిన మట్టిగోడకు తగిలి తొట్రుపడింది. అక్కడ త్రవ్వి చూస్తే పిరమిడ్ కట్టిన పనివారి సమాధులు బయటపడ్డాయి. వారు బానిసలైతే రాజు సమాధి నీడలో వారికి గౌరవంగా చోటు ఇవ్వరు కదా. వారి ఎముకలలో బరువులు మోసిన అరుగుదల ఉన్నది, విరిగి మరల సరిగ్గా అతికిన చేతులు కాళ్ళూ ఉన్నాయి. అంటే ఎవరో కట్టు కట్టి చూసుకున్నారన్నమాట. ప్రక్కనే రొట్టెలు కాల్చిన వంటశాలలు, కుప్పలుగా పశువుల ఎముకలు దొరికాయి.

2013లో ఇంకా చిత్రమైనది దొరికింది. ఎర్ర సముద్రపు ఒడ్డున వాదీ అల్ జర్ఫ్ అనే పాత రేవులో, పియర్ తాలే అనే ఫ్రెంచి పండితుని బృందానికి జమ్ముకాగితాలు దొరికాయి. వ్రాత ఉన్న జమ్ముకాగితాలలో ఇప్పటివరకు దొరికినవాటిలో అవే అతి పాతవి. వాటిలో మెరెర్ అనే సరంగు వ్రాసుకున్న రోజువారీ లెక్క ఉన్నది. అతని క్రింద నలభై మంది. నది ఆవలి తూరా గనుల వద్ద తెల్ల సున్నపురాయి పడవలలోకి ఎక్కించడం, నైలు మీదుగా, కాలువల మీదుగా గీజాకు చేర్చడం, దింపి మళ్ళీ వెళ్ళడం – పది రోజులకు రెండో మూడో ట్రిప్పులు. ఫలానా రోజు ఎక్కడ పడుకున్నారు, ఫలానా రోజు ఎక్కడికి బయలుదేరారు అని వ్రాశాడు. అది పెద్ద పిరమిడ్ పని చివరి సంవత్సరాల మాట. పిరమిడ్ పైతొడుగు రాళ్ళు వచ్చింది ఆ పడవల మీదనే.

రేవు పిల్లలు దీనిని పట్టుకున్న తీరు చూడవలసినదే. "మా నాన్న దగ్గర కూడా ఇలాంటి పుస్తకం ఉందండీ, ఓడ ఎప్పుడు వచ్చింది, ఎన్ని టన్నులు దించారు అని రాస్తాడు" అని ఒకడు. "మెరెర్‌కి డ్యూటీ నైటా, డేనా?" అని ఇంకొకడు. పెద్ద పిరమిడ్‌లో ఇరవై మూడు లక్షల రాళ్ళు, సగటున ఒక్కొక్కటి రెండున్నర టన్నులని చెప్పగానే, కర్మాగారం ప్రక్కన ఉండే పిల్లలు ఎన్ని లారీలు పడతాయో లెక్క వేయడం మొదలుపెట్టారు. ఆ లెక్క పూర్తి కాకుండానే గంట అయిపోయింది.

ఇనుము సంగతి కూడా అడిగారు, ఉక్కునగరం పిల్లలు అడగకుండా ఉంటారా! పిరమిడ్ కట్టినవారికి ఇనుప పనిముట్లు లేవు. రాగి ఉలులు, గట్టి రాతి సుత్తులు మాత్రమే. తొమ్మిదేళ్ళ వయసులో రాజై, పంతొమ్మిదేళ్ళకే చనిపోయిన టూటన్‌ఖామున్ సమాధిని 1922లో తెరిచారు, అందులో ఒక ఇనుప బాకు దొరికింది. దానిలోని నికెల్‌ను బట్టి అది ఆకాశం నుండి పడిన ఉల్క ఇనుముతో చేసినదని 2016లో తేల్చారు. బంగారం కుప్పల మధ్య రాజుకు అంత విలువైన వస్తువు ఇనుము.

మూడవ రోజు పాఠమే మాకు ఇప్పటికీ మనసులో మెదులుతున్నది. రాజుల సమాధులు చెక్కే పనివారి ఊరు ఒకటి ఉండేది. ఇప్పుడు దానిని దేర్ అల్ మదీనా అంటారు. ఆ ఊరివారు రాతి ముక్కల మీద, కుండ పెంకుల మీద అన్నీ వ్రాసుకునేవారు. వాటిలో ఒకటి హాజరు పట్టీ, రెండవ రామెసేసు ఏలుబడిలో నలభయ్యవ సంవత్సరానిది, లండనులోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నది. నలభై మంది పేర్లు, ఎవరు ఏ రోజు పనికి రాలేదు, ఎందుకు రాలేదు అని. ఒకనికి తేలు కుట్టింది. ఒకనికి కన్ను నొప్పి. ఒకడు తల్లి శవాన్ని సిద్ధం చేస్తున్నాడు. ఒకడు ఇంట్లో సారా వంటిది కాస్తున్నాడు. పిల్లలు పడి పడి నవ్వారు. వెనుక బల్ల మీద మా పెద్దాయన కూడా నవ్వాపుకోలేక, "మా షాపులో కూడా ఇవే కారణాలండీ. తేలు ఒక్కటే తక్కువ!" అన్నారు.

తరువాత జీతాల సంగతి. ఆ పనివారికి జీతం డబ్బు కాదు, నెలనెలా గోధుమలు, యవలు. మూడవ రామెసేసు ఇరవై తొమ్మిదవ ఏట, క్రీస్తు పూర్వం 1157 ప్రాంతంలో, జీతపు ధాన్యం పద్దెనిమిది రోజులు ఆలస్యమయింది. పనివారు పనిముట్లు దింపి, కాపలా గోడలు దాటి వచ్చి, దేవాలయం వెనుక కూర్చున్నారు. ఆకలి, దాహం తమను ఇక్కడికి తెచ్చాయని, బట్ట లేదు, నూనె లేదు, చేప లేదు, కూర లేదు, ఈ మాట ఫరోకు తెలియజేయండని అధికారులతో చెప్పారు. ఈ సంగతి వ్రాసిన జమ్ముకాగితం ఇటలీలోని ట్యూరిన్‌లో ఉన్నది. లోకంలో వ్రాతపూర్వకంగా దొరికిన మొదటి సమ్మె ఇదేనంటారు.

పిల్లలు నవ్వడం ఆపేశారు. ఒక కుర్రవాడు, తొమ్మిదేళ్ళవాడు, మెల్లగా అడిగాడు. "మరి ఇచ్చారా అయ్యగారూ?" ఇచ్చారు, కాని మళ్ళీ ఆలస్యం చేశారు, మళ్ళీ వాళ్ళు కూర్చున్నారు అని చెప్పాము. "మా నాన్నకి రెండు నెలల నుంచి ఇవ్వలేదండీ" అన్నాడు. తండ్రి ఒక కాంట్రాక్టరు క్రింద పని చేస్తాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ మాతో చెప్పలేదు. ఆదివారం కానుక వేయడం కూడా మానలేదు ఆ కుటుంబం. ఆ సాయంకాలం మేమూ, పెద్దాయనా కలిసి వారింటికి వెళ్ళాము. బియ్యం సంగతి సంఘం చూసుకున్నది. పెద్దాయన కార్మిక సంఘంలో తనకు తెలిసినవారితో మాట్లాడారు. ఇంకొక మూడు వారాలకు ఒక నెల జీతం వచ్చింది. రెండవది ఈ వ్యాసం వ్రాసేనాటికి రాలేదు.

ఫరోల చరిత్ర మనకెందుకని పెద్దాయన మరల అడగలేదు. మేమూ జ్ఞాపకం చేయలేదు.

మమ్మీల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదనుకున్నాము గాని పిల్లలు వదలలేదు. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులోని రాష్ట్ర పురావస్తు మ్యూజియంలో ఒక ఐగుప్తు మమ్మీ ఉన్నది. ఏడవ నిజాముకు బంధువైన నజీర్ నవాజ్ జంగ్ కొని ఆయనకు బహూకరిస్తే, ఆయన 1930లో మ్యూజియానికి ఇచ్చారు. నైషు అనే రాజకుమార్తె అని మ్యూజియం వారు చెబుతారు. 2016లో ఎక్స్‌రే, స్కానింగు తీశారు. దసరా సెలవులలో మా సంఘంవారు హైదరాబాదు సభలకు వెళ్ళినప్పుడు పిల్లలను అక్కడికి తీసుకువెళ్ళారు. తిరిగి వచ్చినప్పటి నుండి శవం ఇన్ని వేల ఏళ్ళు ఎలా నిలిచిందనే ప్రశ్నే. జాలరి కుటుంబంలోని అబ్బాయి తేలికగా చెప్పేశాడు. "ఉప్పు పెట్టుంటారండీ. మా ఎండు చేపలకి పెట్టినట్టు." టీచరమ్మ కంగారుపడింది గాని వాడు చెప్పింది అక్షరాలా నిజం. లోపలి భాగాలు తీసివేసి, నేట్రాన్ అనే చౌడు వంటి ఉప్పులో నలభై రోజులు ఉంచితే శరీరంలోని నీరంతా ఆ ఉప్పు లాగేస్తుంది. తరువాత నూనెలు పూసి నారబట్టలు చుడతారు. మొత్తం డెబ్బై రోజులు. ఆదికాండము యాబైవ అధ్యాయం చూడండి. యాకోబు చనిపోయినప్పుడు వైద్యులు నలభై దినాలు అతని దేహాన్ని సిద్ధపరిచారు, ఐగుప్తీయులు డెబ్బై దినాలు ఏడ్చారు. ఇశ్రాయేలీయుల పితరుడైన యాకోబు కోసం ఐగుప్తీయులు అంతకాలం దుఃఖపడ్డారన్న మాట మన పాఠాలలో ఎందుకో వెనుకబడిపోయింది.

ఇంకొక మాట తల్లిదండ్రులతో చెప్పాలి. ఐగుప్తీయుల దేవతల గురించి చెప్పేటప్పుడు పిల్లలు నవ్వుతారు. పిల్లిని మొక్కారట, మొసలిని మొక్కారట అని. మేము ఆ నవ్వును అక్కడే ఆపాము. అది రేపు ప్రక్కింటి గుమ్మంలోకి వెళ్తుంది, బడిలో ప్రక్కన కూర్చునే పిల్లల దగ్గరికి వెళ్తుంది. మనం ఒకరిని మొక్కుతాము, వారు వేరొకరిని మొక్కారు, ఆ భేదం స్పష్టంగా చెప్పవచ్చు. వెక్కిరింపు అక్కరలేదు. ఐగుప్తీయుని అసహ్యించుకోవద్దు, వారి దేశంలో మీరు పరదేశులుగా ఉన్నారు కదా అనే ఆజ్ఞ ద్వితీయోపదేశకాండము ఇరవై మూడవ అధ్యాయంలో ఉన్నది. వెట్టిచాకిరి చేయించుకున్నవారి గురించి ఇచ్చిన ఆజ్ఞ అది. మోషేను నీళ్ళలో నుండి తీసి పెంచిన తల్లి ఫరో కుమార్తె. హేరోదు కత్తికి దొరకకుండా బాలయేసును దాచినది ఐగుప్తే.

ఆ దేశంలో ఈనాటికీ కోప్తు క్రైస్తవులు లక్షలాదిగా ఉన్నారు. వారి ఆరాధనలో వాడే కోప్తు భాష మరేదో కాదు, ఫరోలు మాట్లాడిన భాషకు చివరి రూపం. గ్రీకు అక్షరాలతో వ్రాస్తారు. ఇళ్ళలో మాట్లాడడం ఎప్పుడో మానినా సంఘం ప్రార్థనలలో దానిని విడిచిపెట్టలేదు. ఐగుప్తు బొమ్మల లిపిని 1822లో షాంపోలియన్ అనే ఫ్రెంచి పండితుడు చదవగలిగినది రొసెట్టా రాయి వలననే గాక, అతడు కోప్తు భాష నేర్చి ఉండుట వలన కూడా. 2015 ఫిబ్రవరిలో లిబియా సముద్రతీరాన ఇరవై ఒక్క మంది క్రైస్తవులను చంపారు. వారిలో ఇరవై మంది ఐగుప్తు పల్లెల నుండి కూలి పనికి వెళ్ళినవారు. గల్ఫుకు మనుషులను పంపిన మన కుటుంబాలకు ఆ ఇళ్ళ పరిస్థితి చెప్పనక్కరలేదు.

ఇంత చెప్పిన తరువాత ఎనిమిదవ రోజు పదవ తెగులు పాఠానికి వచ్చాము. ప్రతి సంవత్సరం తేలికగా దాటిపోయే పాఠం. ద్వారబంధానికి రక్తం పూయడం, పులియని రొట్టెలు, తొందరగా తిని బయలుదేరడం – పిల్లలు ఇష్టంగా వింటారు. ఈసారి అలా జరగలేదు. సింహాసనం మీది ఫరో మొదలుకొని తిరగలి విసిరే దాసి వరకు, చెరసాలలోని ఖైదీ వరకు అందరి ఇళ్ళలోను తొలిచూలు పిల్లలు చనిపోయారని చదవగానే బట్టీ అమ్మాయి చెయ్యి ఎత్తింది. "తిరగలి విసిరే ఆవిడ ఎవర్నీ కొట్టలేదు కదండీ. ఆవిడ ఏం చేసింది?"

ఆవిడ చేసిన తప్పేమిటని అడిగిందో, కొడుకు పోయాక ఆవిడ ఏం చేసిందని అడిగిందో మాకు వెంటనే తెలియలేదు. టీచరమ్మలు మా వైపు చూశారు. దేవుని న్యాయం గురించి చెప్పడానికి మాటలు ఉన్నాయి, మేము వేదాంత పాఠశాలలో వ్రాసిన పరీక్షలలోనూ అవి ఉన్నాయి. రాజు మొండితనానికి మూల్యం ఆ దేశంలోని ప్రతి ఇల్లూ చెల్లించవలసి వచ్చిందని మాత్రం చెప్పాము. ఇది కూడా చెప్పాము: గ్రంథం ఆ దాసిని దాచలేదు. ఫరో ఇంటి సంగతి ఒక్కటే వ్రాసి ఊరుకోవచ్చు. ఆమెను లెక్కలోకి తీసుకొని వ్రాసింది. ఆ రాత్రి ఐగుప్తులో పెద్ద ఏడ్పు వినబడిందని కూడా వ్రాసింది. ఇశ్రాయేలీయులతో పాటు ఇతర జనులు చాలామంది బయలుదేరారని అదే అధ్యాయంలో ఉన్నది, వారిలో అటువంటివారూ ఉండి ఉండవచ్చు. యూదులు పస్కా పండుగనాడు ఒక్కొక్క తెగులు పేరు చెబుతూ గిన్నెలోని ద్రాక్షారసాన్ని ఒక్కొక్క బొట్టు తీసివేస్తారు. వారిలో కొందరు పెద్దలు దానికి చెప్పే అర్థమేమిటంటే, మన విడుదల కొరకు ఇతరులు బాధపడ్డారు గనుక మన సంతోషపు గిన్నె నిండుగా ఉండరాదని.

ఆ అమ్మాయి ఇంకా నిలబడే ఉన్నది. వెనుక నుండి పెద్దాయన గొంతు వినిపించింది. "ఏం చేస్తాదమ్మా. ఏడ్చింది." ఆయన పెద్ద కుమారుడు ఎనిమిదేళ్ళ క్రితం రోడ్డు ప్రమాదంలో పోయాడు. పెద్ద పిల్లలకు ఆ సంగతి తెలుసు. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు కొంతసేపు.

మరునాడు ఎర్ర సముద్రం. పాటలు పాడాము, మిర్యాము తంబురకు బదులు కంజిర వాయించారు. నాటకంలో ఐగుప్తు సైనికులుగా నిలబడడానికి ఎప్పుడూ ఎవరూ ముందుకు రారు. ఆ రోజు రేవు పిల్లలు నలుగురు తామే అడిగి నిలబడ్డారు. ముగింపు ప్రార్థన చిన్నపిల్లలలో ఒకరు చేయడం మా అలవాటు. బట్టీ అమ్మాయిని చేయమన్నాము. వాళ్ళ నాన్న మోకాలి నొప్పి కోసం, తమ్ముడి దగ్గు కోసం, వాన తొందరగా పడకుండా బట్టీ పని ఇంకొన్నాళ్ళు సాగాలని ప్రార్థించింది. తరువాత కొంచెం ఆగి, తిరగలి విసిరే ఆవిడకి మళ్ళీ ఒక పిల్లాణ్ణి ఇవ్వమని అడిగింది.

పెద్దాయన అందరికంటే ముందు ఆమేన్ అన్నారు.